గుర్రం తీసిన తుపాకి

మా మామ బాలస్వామికి అబద్ధం చెప్పడం చేతకాదు. ఆళ్లగడ్డ సంతకు ఎద్దును తోలుకుపోయి, దానికి వెనక కాలు పట్టేస్తుందని కొనేవాడికి తానే చెప్పి, మళ్లీ ఇంటికి తోలుకొచ్చిన మనిషి. ఊళ్లో అందరూ ఆ సంగతి చెప్పుకొని మెచ్చుకునేవాళ్లు. ఆ కుంటి ఎద్దుకు మేత వేసేదాన్ని నేను కాబట్టి నాకు మాత్రం మెచ్చుకోబుద్ధయ్యేది కాదు. అలాంటి మనిషిని ఒక పంటకాలమంతా అబద్ధం పక్కన కూర్చోబెట్టాను. అది ఎనభై రెండో సంవత్సరం, బుడ్డలు పీకే కాలం. వేరుశనగను మా వైపు బుడ్డలంటాం.

అబద్ధం తుపాకి గురించి. ఎప్పుడో నంద్యాలలో ఉండిన మిషను దొర ఒకాయన తమ దేశానికి వెళ్లిపోతూ, తన వెంట నల్లమలంతా తిరిగిన మామకు తన వేట తుపాకి ఇచ్చిపోయాడు. దానికి లైసెన్సు కూడా దొరే ఇప్పించాడు. ఊళ్లో తుపాకులు చాలానే ఉన్నాయి, అన్నీ రెడ్ల ఇళ్లలో. మా గేరి, అంటే మా వాడ మొత్తానికి అదొక్కటే. మా వాళ్లెవరి పేరు చివరా 'గారు' అని చేర్చే అలవాటు ఆ ఊరికి లేదు. మామను మాత్రం 'తుపాకి బాలస్వామి' అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన వెన్ను కొంచెం నిటారుగా అయ్యేది.

ఒంటి గొట్టం తుపాకి అది. వెనకవైపు బయటికే కనపడేలా చిన్న ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. బొటనవేలితో దాన్ని వెనక్కి లాగి మీట నొక్కితే, అది పోయి తూటా వెనక కొడుతుంది. దాన్ని గుర్రం అంటారు. గుర్రం లేకపోతే తుపాకి ఉత్త గొట్టమే, పొయ్యి ఊదుకోవడానికి కూడా పనికిరాదు.

ఆళ్లగడ్డ నుంచి కొండల వైపు వచ్చే బస్సు ఎక్కడ వెనక్కి తిరుగుతుందో అదే మా ఊరు. మా చేను ఇంకా ముందుకు, అడవికి ఆనుకొని ఉంటుంది. బుడ్డలు ఊరే కాలానికి అడవి పందులు దిగుతాయి. ఒక్క పూట ఏమరుపాటుగా ఉంటే చాలు, చేను నాగలితో దున్నినట్టు చేసిపోతాయి. మామకు చూపు తగ్గినాక లైసెన్సులో ఆయన కొడుకు, నా మొగుడు యేసురత్నం పేరు కూడా రాయించారు. రత్నం గురి పెడితే తప్పేది కాదు. ఆ మాట నేను గొప్పకు చెప్పడం లేదు. తప్పే చెయ్యి అయి ఉంటే మాకు ఏ బాధా లేకపోయేది.

ఆ ఏడు వానలు వెనకబట్టే వేళకు ఒక పుకారు బస్సెక్కి వచ్చింది. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, ఎప్పటిలాగే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పమంటారు, అయితే ఈసారి తిరిగి ఇవ్వరు, కక్షలున్న ఊళ్లన్నిటికీ లైసెన్సులు రద్దు చేసే చట్టం వస్తోంది అని. టీ బంకు దగ్గర ఒకడు ఒంటి గొట్టాలు మాత్రం వదిలేస్తారనేవాడు. ఇంకొకడు అవే ముందు పోతాయనేవాడు. ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి అందరూ గట్టిగా చెప్పేవాళ్లు.

పీడా పోయింది, పిలిచినప్పుడు ఇచ్చేద్దాం అన్నాడు రత్నం. మామ ఒప్పుకోలేదు. కొండ మీది గూడెం నుంచి మా చేనికి కావలి వచ్చే బయ్యన్న అప్పుడు అక్కడే ఉన్నాడు. మామ ఈడువాడు, దొరతో వేటకు పోయిన రోజుల నుంచి స్నేహితుడు. తన చుట్ట చివర చూసుకుంటూ అన్నాడు. "మా తాతల్ని కూడా అట్లనే అడిగిరంట. తెచ్చియ్యండి, చూసి ఇస్తామని. ఇంగా చూస్తానే ఉండారు." మామ మరి ఆ విషయం మాట్లాడనివ్వలేదు.

చట్టం వచ్చినా రాకపోయినా మాకు అంత నష్టం లేకపోయేది. చట్టం వస్తుందన్న మాట పెద్దింటి రెడ్డి చెవిన పడటమే మా ఖర్మ. ఊరు సగం ఆయనది, మిగతా సగం వంక అవతల ఉండే ఆయన పగవాళ్లది. ఆయన ఎవరి ఇంటికీ రాడు. ఆయన తరఫున మద్దిలేటి వస్తాడు.

మద్దిలేటి వచ్చి మా పంచలో కూర్చుని నీళ్లడిగాడు. నెమ్మదైన మనిషి. గొంతు పెంచగా నేను ఎన్నడూ వినలేదు. అందుకే ఆయనంటే భయం. నీళ్లు తాగి చెంబు బోర్లించి, వానల గురించీ పందుల గురించీ అడిగి, లేవబోతూ చెప్పాడు.

"బాల్సామీ, ఆ చట్టమేందో వచ్చేలోపల మన తుపాకులన్నీ ఒక్క తావునే ఉండాలంటాండాడు రెడ్డి. నీది లైసెన్సుది, ఎవుడూ అడగడు. తుపాకితో పాటు రత్నం కూడా రావాల. ఎలక్షన్లు అయ్యేదాంకా జీపులో ముందర కూచుంటాడు, అంతే."

అంతే. పోయినసారి ఎన్నికలకు జీపులో ముందర కూర్చున్నవాడు మా పక్క వీధి ఓబులమ్మ మొగుడు. అతను చేసింది కూడా అంతే, కూర్చున్నాడు. జీపు వంక దాటిన రోజు కూర్చోవడం ఒక్కటే చాల్లేదు. ఇప్పుడతను కడప జైల్లో ఉన్నాడు. రెడ్డి జీపుకు ఒక గీత కూడా పడలేదు. ఓబులమ్మ రెడ్డి ఇంట్లో అంట్లు తోముతుంది, నెలకోసారి కడప బస్సెక్కుతుంది.

రానని చెబితే మా చేనికి పోయే బండిబాట రెడ్డి పొలంలోంచే. ముందుగా పోయి స్టేషన్లో తుపాకి ఇచ్చేస్తే, రెడ్డి అడిగినదాన్ని పోలీసులకిచ్చినట్టు, అంటే వంక అవతల చేరినట్టు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. మాకు పక్కల కూడా గోతులే. నాకు నా మొగుడు కావాలి, ఇంకేం వద్దు. తుపాకి ఏమైనా, పంట ఏమైనా, రత్నం ఆ జీపు ఎక్కకూడదు. ఆ కాలమంతా నా బుర్రలో ఉన్నది ఆ ఒక్క మాటే.

నంద్యాలలో తుపాకుల అంగడి ఉంది, అక్కడ భద్రంగా పెట్టించుకుంటారని రత్నం విన్నాడు. అంగడివాడికి ఇస్తే పోలీసులకు ఇచ్చినట్టు కాదు, రెడ్డికి లేదన్నట్టూ కాదు. మామకు కళ్లుగా నేను, తుపాకికి కాపలాగా రత్నం, ముగ్గురం బస్సెక్కాం. గుడ్డ సంచీలో ఉన్నా అది తుపాకి అని చూసినవాళ్లకు తెలిసిపోతుంది. బస్సులో మా పక్క సీటు నంద్యాల దాకా ఖాళీగానే ఉంది.

అంగడి ముసలి సాయిబుది. మమ్మల్ని చూడగానే చేతులు ఊపేశాడు. కోయిలకుంట్ల నుంచి ఆళ్లగడ్డ దాకా ఉన్న తుపాకులన్నీ తన గోడలకే ఆనుకొని ఉన్నాయట, పైనుంచి ఏదో ఒక ఆర్డరు వచ్చేదాకా ఇంకొకటి ముట్టుకోడట. మామ ఆ తుపాకి మీద చెయ్యి పెట్టి బెంచీ మీద కూర్చుండిపోయాడు. తిరిగి బస్సెక్కితే ఎక్కడ దిగుతామో ముగ్గురికీ తెలుసు.

నాకు అప్పుడు తోచింది. విరిగిపోయిన తుపాకి ఎవరికైనా కావాలా అని సాయిబును అడిగాను. ఆయన నవ్వి, పళ్లూడిన కుక్కను ఎవడు ఎత్తుకుపోతాడమ్మా అన్నాడు. ఏది విరిగితే మళ్లీ అతికించుకోవచ్చు అని అడిగాను. అప్పుడాయన నవ్వడం మానేసి, నన్నూ, రత్నాన్నీ ఒకసారి చూసి, తుపాకిని బల్ల మీద పెట్టమన్నాడు. ఒక్క మర. దాన్ని తిప్పాడు, గుర్రం ఊడి ఆయన అరచేతిలోకి వచ్చింది. దాన్ని చూసి, మళ్లీ బిగించడం ఎలాగో మామ వేళ్లను పట్టుకొని చూపించాడు.

తిరుగు దారంతా మామ తుపాకి సంచీనే తడుముకుంటూ కూర్చున్నాడు. ఆళ్లగడ్డలో బస్సు మారేటప్పుడు నేనే కదిలించాను. ఇందులో అబద్ధం ఏముంది మామా, గుర్రం లేదు, లేదనే కదా చెబుతాం అన్నాను. తీసింది మనమే కదమ్మా అన్నాడాయన. నేను ఆయన చెయ్యి పట్టుకొని బస్సెక్కించాను.

మద్దిలేటి మళ్లీ వచ్చినప్పుడు తుపాకిని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. గుర్రం ఉండాల్సిన చోట బొటనవేలు పెట్టి చూశాడు. ఎట్లా పోయిందని అడిగాడు. మంచె మీద నుంచి పడిందని, ఆ ముక్క మద్రాసు నుంచి రావాలన్నారని నేను చెప్పాను. ఇంకా చెప్పడానికి నా దగ్గర చాలా సిద్ధంగా ఉన్నాయి. అవేవీ అక్కర్లేకపోయాయి. ఆయన మామ వైపు చూసి తల ఊపాడు.

"వేరే ఇల్లయితే నమ్మేటోన్ని కాదు. బాల్సామి ఇంట్లో అబద్ధముండదు," అన్నాడు.

మామ తలెత్తలేదు. ఎవరైనా చెంప మీద కొట్టినా ఆయన మొహం అట్లా అయ్యేది కాదేమో. నేను మాత్రం మద్దిలేటి వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, తర్వాత లోపలికి పోయి కూర్చున్నాను. గుర్రం జొన్నల కాగులో, అడుగున, గుడ్డలో చుట్టి ఉంది.

పందులకు ఈ సంగతి ఎవరు చెప్పారో గానీ, వాటికే ముందు తెలిసింది. రత్నం, బయ్యన్న రేకు డబ్బాలు కొట్టారు, మంటలు వేశారు. బయ్యన్న కుక్కల్లో ఒకటి పంది కోరకు కడుపు చీలి తిరిగొచ్చింది. సాయంత్రం నేను సద్ది తీసుకొని పోతే, తవ్వేసిన చేను మధ్యలో రత్నం రెండు చేతులూ వేలాడేసుకొని నిలబడి ఉండేవాడు. పొద్దు కుంకేముందు పెద్ద పంది ఒకటి గట్టు మీదికొచ్చి, మమ్మల్ని చూసి కూడా పారిపోకుండా నెమ్మదిగా మేసింది. రత్నం చూపుడువేలు గాలిలోనే ముడుచుకుంది. నేను చూసి చూడనట్టు సద్ది విప్పాను. ఏడుపొచ్చింది గానీ, పంట పోతే పోనీ, మనిషి ఇక్కడున్నాడు అని మనసుకు చెప్పుకున్నాను.

ఇంటి దగ్గర మామ ఇంకో రకంగా చిక్కిపోతున్నాడు. తుప్పు పడుతుందని గుర్రాన్ని కాగులోంచి తీయించుకొని, నూనె పూసి, గుడ్డతో తుడిచి, మళ్లీ నా చేతికే ఇచ్చేవాడు. ఆయన చర్చిలో పెద్ద. ఆదివారం పాఠం చూడకుండానే వినిపించేవాడు, అంత నోటికి వచ్చు. ఆ కాలంలో పాఠం చెప్పడం మానేశాడు. గొంతు బాగాలేదని నేనే పాస్టరు అయ్యగారితో చెప్పాను. చూడండి, ఒక అబద్ధానికి ఎన్ని పిల్లలో.

జీపు మా వీధిలో పోయేటప్పుడల్లా ఆగేది. మద్రాసు నుంచి వచ్చిందా అని మద్దిలేటి అడిగేవాడు. ఇంకా రాలేదనేదాన్ని. బుడ్డలు పీకి, మిగిలినవేవో కల్లానికి చేర్చిన వారం ఆయన దిగకుండానే చెప్పాడు, రెడ్డి మనిషిని పంపి ఆ ముక్కేదో తెప్పిస్తానన్నాడని, దిగులు పడొద్దని. వెనక పంచలో కూర్చున్న మామ ఆ మాట విన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం మాకు కోత పండుగ. ఈ సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. పంటలో మొదటిది దేవుడి బల్ల ముందు పెడతాం. జొన్న కంకులు, బుడ్డలు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్ల. ప్రార్థన అయ్యాక వాటినన్నిటినీ వేలం వేస్తారు. మా వాళ్లే కాదు, ఊళ్లో అందరూ వస్తారు. పెద్దింటి రెడ్డి తరఫున ఏటా మద్దిలేటి వచ్చి ఒక గుమ్మడికాయను గొప్ప ధరకు పాడి తీసుకుపోతాడు. అది రెడ్డికి మర్యాద, మాకు చర్చి రిపేరు.

బల్ల ముందు పెట్టేదాంట్లో లోపం ఉండకూడదు. పుచ్చు కాయ, కుంటి కోడి, ఒంటి కన్ను మేక పనికిరావని బైబిల్లో ఉంది. గుమ్మం దగ్గర నిలబడి ఒక్కోటీ పట్టి చూసి లోపలికి పంపే పని ఏళ్ల తరబడి మామదే. చూపు తగ్గినా మానలేదు. కోడి కాళ్లను తడిమి చూసేవాడు. మా ఇంటి కోడినే ఒకసారి వెనక్కి పంపాడు, ఒక గోరు విరిగిందని. గోరుతో దేవుడికేం పని అని నేను గొణిగితే వారం రోజులు నాకు వాక్యం వినిపించాడు.

ఆ ఆదివారం తనను నడిపించుకుపోవద్దని, మమ్మల్ని ముందు పొమ్మని అన్నాడు. మనసు కుదుటపడి ఇన్నాళ్లకు నడుస్తానంటున్నాడు కదా అని సంతోషపడి, నేను బుడ్డల గంపతో పోయాను. పాట సగంలో ఉండగా మామ వచ్చాడు. కాళ్లతో నేల తడుముకుంటూ, కొత్త తువ్వాలలో చుట్టిన పొడుగాటి దాన్ని రెండు చేతుల మీదా మోసుకుంటూ. పాట ఒక్కొక్క వరుసలో ఆగిపోతూ వచ్చింది. ఆయన గుమ్మడికాయల పక్కన ఖాళీ తడిమి చూసుకొని, అక్కడ పెట్టి, తువ్వాల విప్పాడు.

"ఇది దొర నాకిచ్చె. నేను దేవునికిస్తాండా. ఇంగ దీన్ని ఎవురూ నన్నడగొద్దండి," అన్నాడు.

ఆయన లెక్క నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. దేవుడికిచ్చినదాన్ని రెడ్డీ అడగడు, సర్కారూ అడగదు. మా ఊళ్లో బల్ల ముందు పెట్టిన దోసకాయను కూడా దొంగ ముట్టుకోడు. మంచి లెక్కే. నేను కూడా ఆమెన్ అనేదాన్నేమో, తుపాకి మీద నా చూపు పడకపోతే. గుర్రం ఉంది. నూనె పూసి, తళతళలాడుతూ, ఉండాల్సిన చోట ఉంది. లోపమున్నది దేవుడికి పెట్టకూడదు కదా. తెల్లారి నేను నీళ్లకు పోయినప్పుడు కాగులో చెయ్యి పెట్టి తీసి, సాయిబు చూపించినట్టు వేళ్లతోనే తడుముకొని మర బిగించాడు మా మామ.

అయ్యగారు కృపావరం మెత్తని మనిషి. వంగి మామ చెవిలో, లైసెన్సు లేకుండా చర్చిలో తుపాకి ఉంచుకుంటే తనను పట్టుకుపోతారని, ఇంటికి తీసుకుపోవాలని బతిమాలాడు. మామకు అర్థం కాలేదు. ఇచ్చేసినాను కదయ్యా అని మళ్లీ మళ్లీ అంటున్నాడు. వెనక నిలబడి ఉన్న మద్దిలేటి అప్పుడు ముందుకొచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు, మర్యాద తెలిసినవాడు. తుపాకి చేతిలోకి తీసుకొని, బొటనవేలితో గుర్రాన్ని వెనక్కి లాగి, మళ్లీ నెమ్మదిగా దించాడు. టిక్కుమంది.

"బాగైందే బాల్సామీ. మద్రాసు నుంచి వచ్చినాదా?"

రత్నం, నేను ఒకేసారి నోరు తెరిచాం. మామే ముందు చెప్పాడు. "రాల్యేదప్పా. ఇంట్లోనే ఉండె. మేమే తీసినాం."

మద్దిలేటికి కోపం రాలేదు. తుపాకిని ఎక్కడిదక్కడ పెట్టి, తువ్వాల కూడా కప్పాడు. రేపు పొద్దున జీపు వస్తుందని, రత్నం తయారుగా ఉండాలని చెప్పాడు. తర్వాత పక్కకు జరిగి నిలబడ్డాడు. వేలం మొదలైనాక గుమ్మడికాయ పాడుకొని, చంకన పెట్టుకొని వెళ్లిపోయాడు.

తుపాకిని మళ్లీ మోసుకొని ఇంటికొచ్చి మామను నానా మాటలూ అన్నాను. దాచుకోవడం ఎందుకు, పెద్దంతరం చిన్నంతరం లేకుండా అన్నాను. విరిగిందే ఇస్తే నీ దేవుడికి ఏం పోయేది, ఆయనేమైనా పందుల్ని కాల్చుకోవాలా అన్నాను. నీ కొడుకును నువ్వే జీపెక్కించావు అన్నాను. ఆయన గోడకు ఆనుకొని, తుపాకి మోసినట్టే రెండు చేతులూ ముందుకు పెట్టుకొని కూర్చున్నాడు.

"విరిగింది ఇయ్యకూడదమ్మా," అన్నాడు.

రత్నం పొద్దు వాలుతుంటే ఎద్దులకు మేత వెయ్యాలని లేచాడు. ముందటేడే నంద్యాలలో కొన్న చొప్ప మిషను ఉంది మాకు. చక్రానికి కత్తులుంటాయి. ఒకరు జొన్న చొప్ప లోపలికి తోస్తుంటే ఇంకొకరు పిడి పట్టి తిప్పాలి. ఎప్పుడూ ఆయన తోస్తాడు, నేను తిప్పుతాను. ఆ పూట కూడా అలాగే మొదలుపెట్టాం. నా కోపమంతా పిడి మీదే చూపిస్తున్నాను. కొంతసేపటికి ఆయన ఆపమన్నాడు. ఆపాను.

చొప్ప అయిపోయిందేమో అనుకొని చూశాను. అయిపోలేదు. కట్ట పక్కన పెట్టేసి, కుడి చేతిని ఒక్కదాన్నే మిషను నోటి దగ్గర పెట్టి ఉన్నాడు. నాలుగు వేళ్లు మడిచి, చూపుడువేలు లోపలికి.

"తిప్పు లూదీ," అన్నాడు.

చెయ్యి తియ్యమన్నాను.

"తుపాకి బాగుండాది. ఇంగ విరగాల్సింది నేనే గదా. తిప్పు."

పెళ్లయిన కొత్తలో అడవిదారిన నడుస్తూ ఆ చేత్తోనే ముళ్ల కొమ్మలు పక్కకు పట్టుకొని నన్ను ముందు నడవనిచ్చేవాడు. అదే గుర్తొచ్చింది. ఓబులమ్మ బస్సెక్కేటప్పుడు చేతిలో పట్టుకునే టిఫిను డబ్బా కూడా గుర్తొచ్చింది. ఆయన కళ్లు నా మీద నుంచి కదల్లేదు. భయపడుతున్నాడు, తీస్తే మళ్లీ పెట్టలేడు. నేను కళ్లు మూసుకోలేదు. పిడి తిప్పాను.

పొద్దున జీపు వచ్చింది. రత్నం పంచలో కూర్చుని ఉన్నాడు, చేతికి నా పాత చీర చుట్టి ఉంది. మిషన్లో పడిందని చెప్పాను. మద్దిలేటి కట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మూలనున్న చొప్ప మిషను వైపు చూశాడు. దాన్ని నేను రాత్రే కడిగేశాను. మరీ శుభ్రంగా కడిగానని అప్పుడు అర్థమైంది. ఏ చెయ్యి అని అడిగాడు. కుడిది అన్నాడు రత్నం. మద్దిలేటి మంచినీళ్లు కూడా అడగకుండా జీపెక్కి, ఆ ముందర సీట్లో తనే కూర్చుని వెళ్లిపోయాడు. మరి మా ఇంటికి రాలేదు.

క్రిస్మస్‌కు ముందు తుపాకులన్నీ అప్పజెప్పమని దండోరా వేశారు. రెడ్డి కూడా అప్పజెప్పాడు, చూపించేవి. మాదీ ఆళ్లగడ్డ స్టేషనుకు పోయింది. ఎన్నికలు అయ్యాయి, ఎవరో గెలిచారు. ఎండలు ముదరక ముందే పిలిచి, ఎవరిది వాళ్లకు తిరిగి ఇచ్చేశారు. ఆ చట్టం రాలేదు. వస్తుందన్న మాట ఒక్కటే వచ్చి, మా ఇంట్లో దూరి, తనకు కావాల్సింది తీసుకొని పోయింది.

తుపాకి ఇంటికొచ్చినా మామ దాన్ని ముట్టుకోలేదు. అసలు ఆయన చేతులతో ఏదీ చెయ్యడం మానేశాడు. గుమ్మం దగ్గర కూర్చునేవాడు. నేను అన్నం పెట్టేదాన్ని గానీ మాట్లాడేదాన్ని కాదు. చెప్పాల్సిందేదైనా ఉంటే రత్నంతో చెప్పించేదాన్ని. రత్నం మాత్రం తండ్రితో ఎప్పటిలాగే మాట్లాడేవాడు. దానికి కూడా నాకు కోపమొచ్చేది.

ఈస్టరుకు రత్నం బలవంతం చేస్తే మామ చర్చికి వచ్చాడు. క్రిస్మస్‌కు దేవుడి బల్ల దగ్గరికి రాలేదు, నూతన సంవత్సరానికీ రాలేదు. నడిపించేదాన్ని నేనే కాబట్టి, మాటల్లేకపోయినా మోచెయ్యి పట్టుకొని తీసుకుపోయాను. బల్ల ముందు ప్రభువు రొట్టె తీసుకోవడానికి ముగ్గురం వరుసగా మోకరించాం. రత్నం కుడి అరచేతిని ఎడమ దాని మీద పెట్టి చాపాడు. ఆ వేలు లేని చోట అయ్యగారు ఒక్క క్షణం చూపు ఆపి, రొట్టె ముక్క అరచేతిలో పెట్టాడు. తర్వాత జరిగి మామ ఎదుట నిలబడ్డాడు.

మామ చేతులు తువ్వాల కింద ఉన్నాయి. తియ్యలేదు. అయ్యగారు వంగి పేరు పెట్టి పిలిచినా తియ్యలేదు. వెనక వరుస ఎదురు చూస్తోంది.

"చెయ్యి చాపు మామా," అన్నాను. కోత పండుగ తర్వాత ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"నా చేతులకు మచ్చుండాదమ్మా," అన్నాడు, నాకు మాత్రమే వినపడేట్టు.

నేను తువ్వాల పక్కకు తీసి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"నాకూ ఉండాది. చాపు," అన్నాను.

ముసలి చెయ్యి పైకొచ్చింది. రొట్టె అందులో పడేదాకా దాన్ని అలాగే పట్టుకొని, ఆ తర్వాత నా చెయ్యి చాపాను.